వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర

గుంటూరులో బీఫార్మసీ చదివేటప్పుడు మందుల గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, మందులిచ్చే పద్ధతికి కూడా మార్కులు వేస్తారని ఇంగ్లండ్ వచ్చాకే తెలిసింది. మా ఆసుపత్రి ఫార్మసీలో దాన్ని ఎఫ్ఎంఈఏ (ఫెయిల్యూర్ మోడ్స్ అండ్ ఎఫెక్ట్స్ అనాలిసిస్) అంటారు. 1940ల చివర్లో అమెరికా సైన్యం మొదలుపెట్టిన లెక్క ఇది. నాసా, కార్ల కంపెనీలు తిరిగి ఆసుపత్రులకు చేరింది. పొరపాటు జరిగాక ఎవరు చేశారని వెతకరు, జరగకముందే ఎక్కడెక్కడ జరగొచ్చో కూర్చుని రాస్తారు. జరిగితే ఎంత నష్టం, ఎంత తరచుగా జరగొచ్చు, రోగి దాకా పోకముందే కంటపడటం ఎంత కష్టం అని మూడింటికీ పదేసి మార్కులు. మూడూ హెచ్చవేస్తే రిస్క్ స్కోరు.

మేం ఈ లెక్కకు ఎంచుకున్న మందు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా దానిలాగే పసుప్పచ్చ మాత్రే, తారుమారు కావచ్చు. నష్టానికి 10 వేయడంలో ఎవరికీ పేచీ లేదు. ఎంత తరచుగా అన్నదానికి 3. గొడవంతా మూడో అంకె దగ్గరే.

"ఇద్దరు చెక్ చేస్తారు కదా, 2 చాలు" అన్నారు సీనియర్ ఫార్మసిస్టు. అప్పటిదాకా నోరు మెదపని టెక్నీషియన్ అమ్మాయి, "సాయంత్రం డిశ్చార్జి మందులు గుట్టపడ్డాక రెండో సంతకం మందు చూసి పెట్టరు, మొదటి సంతకం చూసి పెడతారు" అంది. ఎవరూ కాదనలేదు. 2 కాస్తా 8 అయింది, మొత్తం స్కోరు 60 కాస్తా 240 అయింది.

నిజానికి ఆ అంకెల మీద నాకంత నమ్మకం లేదు. వేరే నలుగురు కూర్చుంటే వేరే స్కోరొస్తుంది. కానీ ఆ అంకె అడక్కపోతే ఆ మాట బయటికొచ్చేది కాదు. మన దగ్గర పెద్దసారు ముందు నేనైతే అనేవాణ్ణి కాదు.

ఆ తర్వాత 10 మిల్లీగ్రాముల మాత్రలు షెల్ఫులోంచి తీసేసి 2.5వే ఉంచాం. సోమవారమో గురువారమో లేబుల్ మీద ఉంటేనే ప్యాకెట్ బయటికెళ్తుంది. కంప్యూటర్లో హెచ్చరిక కూడా పెట్టారు, దాన్ని మాత్రం చదవకుండానే నొక్కేస్తున్నారు.

తెలియక జరిగిన డిస్పెన్సింగ్ పొరపాటుకు క్రిమినల్ కేసు నుంచి షరతులతో రక్షణ ఇక్కడ బయటి మందుల షాపులకు 2018లో, ఆసుపత్రి ఫార్మసీలకు 2022లో వచ్చింది. అంతకుముందు పొరపాటైందని రాసివ్వడానికే జంకేవాళ్లమని పాతవాళ్లు చెబుతారు.

ఇప్పుడు ఇన్సులిన్ వంతు. రాత్రి డ్యూటీ నర్సులనీ పిలవాలని ఆ అమ్మాయి పట్టు. డ్యూటీల రోటా వేసే మేనేజరు ఇంకా ఒప్పుకోలేదు.