గుల్‌మార్గ్‌కి ఒక్క రోజు, చేతిలో ఇంకో రోజు

ఫిబ్రవరి రెండో వారానికి విమానం టికెట్లు తీసేశాం. వైజాగ్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్. మొత్తం ఐదు రోజులు. అందులో గుల్‌మార్గ్‌కి ఒక్క రోజే, కానీ నెల రోజులుగా మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నడుస్తున్నదంతా ఆ ఒక్క రోజు గురించే.

దానికి కారణం ఉంది. 2024 సంక్రాంతి సెలవుల్లో ఒకసారి వెళ్ళొచ్చాం. మావాడు అప్పుడు మూడో తరగతి. స్కీయింగ్ వీడియోలు చూసి చూసి, అక్కడికి వెళ్ళగానే తనూ అలా జారిపోతానని అనుకున్నాడు. టంగ్‌మార్గ్ దాటి బండి కొండెక్కుతున్నంతసేపూ కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాడు. పైకెళ్ళి చూస్తే ఎండిపోయిన గడ్డి, మట్టి. ఆ జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్‌లో మంచే లేదు, పేపర్లలో కూడా వచ్చింది, మేం చూసుకోలేదు. అత్తయ్య బండి దిగి చుట్టూ చూసి "మన అరకే నయం కదమ్మా, పచ్చగానైనా ఉంటుంది" అన్నారు. వాడు ఏడవలేదు. శ్రీనగర్ తిరిగొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నెలాఖరుకి మంచు పడింది, ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు అక్కడే జరిగాయి కూడా. అవి టీవీలో వస్తుంటే వాడు లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

అందుకే ఈసారి ముందు మంచు గురించి చదివాను. మనకి వాన బంగాళాఖాతం ఇస్తుంది, అక్కడ చలికాలంలో పడే మంచు ఎక్కడో మధ్యధరా సముద్రం వైపు పుట్టి పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే అల్పపీడనాల వల్ల. అవి గట్టిగా వస్తే మంచు, బలహీనపడితే ఉత్త చలి. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు 'చిల్లై కలాన్' అంటారు వాళ్ళు, గడ్డకట్టే చలి రోజులు. చలి ఉన్నంత మాత్రాన మంచు ఉంటుందని కాదని మాకు అప్పుడు తెలియదు. జనవరి మధ్యలో వచ్చే సంక్రాంతి సెలవులకంటే ఫిబ్రవరి మేలనిపించింది, అప్పటికి మంచు పేరుకునే అవకాశం ఎక్కువ. కానీ ఫిబ్రవరిలో స్కూలుకి సెలవులుండవు, పరీక్షలు దగ్గర పడతాయి. క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి సెలవు అడిగాను. ఆవిడ ఇచ్చారు.

ఇంతకీ నా ప్లాన్‌లో అసలు సంగతి ఒకటే, గుల్‌మార్గ్ రోజు పక్కన ఇంకో రోజు ఖాళీగా వదిలాను. దిగిన మర్నాడు కాకుండా మూడో రోజు గుల్‌మార్గ్, నాలుగో రోజు ఏమీ లేదు. మూడో రోజు వాతావరణం బాగాలేకపోతే నాలుగో రోజు వెళ్తాం, బాగుంటే నాలుగో రోజు దాల్ సరస్సు దగ్గర కూర్చుంటాం. "ఒక రోజు హోటల్ డబ్బులు ఊరికే పోతాయి" అని మా ఆయన అన్నారు. కానీ తుఫాను వస్తుందంటే రెండు రోజుల ముందే సరుకులు తెచ్చుకునే ఊరు మనది, మంచుకి ఆ మాత్రం చోటు ఇవ్వలేమా?

ఇక గొండోలా, అంటే కేబుల్ కారు. అందరూ గుల్‌మార్గ్ అనగానే దాని గురించే అడుగుతారు. అది రెండు దశల్లో ఉంటుంది. మొదటిది 1998లో మొదలైంది, గుల్‌మార్గ్ నుంచి కొంగ్‌డూరి దాకా. రెండోది 2005లో, అక్కడి నుంచి అఫర్‌వత్ దాకా, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో, ఏ తేదీకి ఆ తేదీకి తీసుకోవాలి, సీజన్‌లో త్వరగా అయిపోతాయి. గాలి ఎక్కువైనా, మంచుచరియలు పడతాయన్న భయం ఉన్నా ముందుగా ఆపేసేది పై దశనే. పైగా సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగినవాళ్ళం, ఆ ఎత్తులో గాలి మన బీచ్ దగ్గరున్న దానిలో అరవై శాతం దాకానే ఉంటుంది. అత్తయ్యకి బీపీ ఉంది. అందుకని రెండో దశ వద్దనుకున్నాం, మధ్యాహ్నం అందరం కలిసి మొదటి దశ ఒక్కటే. తేదీకి కట్టుబడేది ఆ టికెట్టే, అది ఆగిపోయినా కింద స్కీయింగ్ ఆగదు. కాబట్టి పొద్దుటి పూటంతా మావాడికే.

నేర్చుకునేవాళ్ళకి కింద మైదానం పక్కనే చిన్న వాలులున్నాయి, బేబీ స్లోప్స్ అంటారు. స్కీలు, బూట్లు అద్దెకిస్తారు, నేర్పేవాళ్ళు అక్కడే దొరుకుతారు. గంటకి ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి అన్నది బూట్లు తొడుక్కోకముందే తేల్చుకోవాలి, స్లెడ్జి (మంచు మీద మనిషిని కూర్చోబెట్టి లాగే చెక్క బండి) లాగేవాళ్ళతో అయినా అంతే. గీచిగీచి బేరం మాత్రం నేను ఆడను, ఏడాది సంపాదనలో చాలా భాగం వాళ్ళకి ఈ నాలుగు నెలల్లోనే రావాలి. పోయినసారి బండి ఆపిన చోటు నుంచి గొండోలా దాకా కిలోమీటరు దూరం అత్తయ్య మోకాళ్ళ నొప్పితో నడిచారు. ఈసారి ఆవిడకి స్లెడ్జి మాట్లాడేస్తాను.

మొదటి రోజు పాఠం మామూలుగా ఆగడం గురించే. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి మడమలు దూరం జరిపితే వేగం తగ్గుతుంది. పడేటప్పుడు పక్కకి పడాలి, లేచేటప్పుడు స్కీలని వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి. మావాడు బీచ్ రోడ్డులో తెల్లారకుండా బళ్ళు ఆపేసే టైములో స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు, దానివల్ల బ్యాలెన్స్ వచ్చింది గానీ తొడల్లో బలం ఇంకా చాలదు.

టైము లెక్క కూడా మన లెక్క కాదు. మనకి చలికాలంలో ఆరున్నరకి తెల్లారిపోతుంది, శ్రీనగర్‌లో ఫిబ్రవరిలో కూడా ఏడు దాటాకే సూర్యుడు. అయినా ఆరున్నరకే బయల్దేరాలని డ్రైవర్‌కి చెప్పేశాను. దూరం యాభై కిలోమీటర్లే గానీ మంచు ఉంటే టంగ్‌మార్గ్ దగ్గర ఆగి, చక్రాలకి గొలుసులు కట్టిన బండిలోకో ఫోర్ బై ఫోర్‌లోకో మారాలి, మిగతా పదమూడు కిలోమీటర్లు అందులోనే. మూడున్నరకల్లా కిందికి దిగిపోవాలి. పగలు కరిగిన మంచు నీళ్ళు సాయంత్రానికి రోడ్డు మీద గడ్డకట్టి అద్దంలా తయారవుతాయి.

బట్టల గురించి ఒక్క మాట, జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, ఒంటికి చలి పట్టేస్తుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని స్వెట్టర్, పైన నీళ్ళు దిగని జాకెట్. చేతికి ఉన్ని తొడుగులు చాలవు, అవీ తడిసిపోతాయి. లాంగ్ బూట్లు టంగ్‌మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి. చలవ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ మర్చిపోకండి, తెల్లటి మంచు మీద ఎండ తిరిగి మొహానికే కొడుతుంది.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో జరిగిన ఉగ్రదాడి తర్వాత మా అమ్మ కాశ్మీర్ పేరే ఎత్తనివ్వలేదు. ఆ భయం తప్పని నేను అనలేదు, నాకూ ఉంది. రోజూ పొద్దున, సాయంత్రం ఫోన్ చేస్తానని చెప్పాక సరేనంది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే సిమ్ సంగతి చూసుకోవాలి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవు. మా ఆయనదీ నాదీ ఈ వారమే పోస్ట్‌పెయిడ్‌కి మార్చాం.

రేపు ఆదివారం తెల్లారగట్ల సింహాచలం మెట్లెక్కడానికి వెళ్తున్నాం, మావాడి కాళ్ళ కోసం. అత్తయ్య కూడా వస్తానన్నారు, మేం దిగేదాకా కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కూర్చుంటారట.