పామరేనియన్ మూడు కాళ్ల మీద గెంతుతుంటే

మా చిట్టి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెనక కుడికాలు ఎత్తేస్తుంది. మూడు కాళ్ల మీద నాలుగడుగులు గెంతి, ఆ కాలిని వెనక్కి చాపి ఓసారి విదిలించి, ఏమీ జరగనట్టు మళ్లీ పరుగు. చూసినవాళ్లంతా ముల్లు గుచ్చుకుందేమో అనేవాళ్లే. ముల్లైతే అడుగేసినప్పుడల్లా కుంటాలి కదా, ఇలా వచ్చి పోదు. చిన్నజాతి కుక్కల్లో ఈ గెంతుడు కనబడితే ముందు అనుమానించాల్సింది మోకాలిచిప్పని.

తొడ ఎముక చివర చిప్ప కదలడానికి ఒక గాడి ఉంటుంది. ఇలా గెంతే చిన్నజాతి కుక్కల్లో చాలావాటికి ఆ గాడి లోతు తక్కువ, కాలి ఎముకల అమరికలోనూ కాస్త వంకర ఉంటుంది, దాంతో చిప్ప లోపలివైపుకి తప్పుకుంటుంది. కాలు చాపగానే మళ్లీ చోటుకొస్తుంది, ఆ విదిలింపు అందుకే.

క్లినిక్‌లో టెన్షన్‌కి చక్కగా నడిచేస్తాయి కాబట్టి ఇంట్లోనే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు గారు వెంటనే ఎక్స్‌రే రాయలేదు, నాకది నచ్చింది. ముందు నడిపించి చూశారు, తర్వాత కాలు చాపి బొటనవేలితో చిప్పని లోపలికి నెట్టారు. టక్కున జారింది, కాలు వంచి చాపితే తిరిగి వచ్చింది. రెండో గ్రేడ్ అన్నారు, మొత్తం నాలుగు. తొడ ఎముకని ఒక చేత్తో పట్టుకుని కింది ఎముకని ముందుకి లాగి మోకాల్లో ఆ రెండు ఎముకల్నీ కలిపి పట్టి ఉంచే లిగమెంటుని కూడా చూశారు, ఎందుకంటే చిప్ప జారే కుక్కల్లో కొన్నింటికి తర్వాత అదీ తెగుతుంది, అప్పుడు చాలాసార్లు కాలు నేలమీద మోపవు. జ్వరం, కీళ్ల వాపు ఉండి ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటుతుంటే మాత్రం కథ వేరు, గోమార్లు (పిడుదులు) కుట్టడం వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేయించాలి.

మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పిమాత్రలు దయచేసి కుక్కకి వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. చిట్టికి బరువు చూసి మెలాక్సికామ్ అనే నొప్పిమందు కొద్దిరోజులకే రాశారు.

గాడి లోతు చేసి, చిప్ప కింది లిగమెంటు అతుక్కునే ఎముక ముక్కని పక్కకి జరిపి బిగించే ఆపరేషన్ ఉంది. గెంతుడు తరచుగా అయితేనో, గ్రేడ్ పెరిగితేనో ఆలోచిద్దాం అన్నారు. ప్రస్తుతానికి టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు, సోఫా మీద నుంచి దూకుడు బంద్, బరువు తగ్గించడం. ఆ చివరిదే కష్టం, మా అమ్మ పెరుగన్నం ఆపదు.