గుణదల కొండ మీద ఒక కొవ్వొత్తి

మొన్న ఫిబ్రవరి 11న విజయవాడ గుణదల కొండకు, మరియమాత ఉత్సవానికి వెళ్లొచ్చాను. తలనీలాలు ఇచ్చి మూడు రోజులే, అరికాలి గాయం కూడా ఇంకా మానలేదు. ఇది ఇప్పుడే రాసేయాలి.

మొక్కు అమ్మది. నేను మళ్లీ మనిషినైతే చెప్పుల్లేకుండా కొండ ఎక్కిస్తానని మరియమాతకు మొక్కుకుంది. రెండేళ్లుగా ఉద్యోగం, జీతం అన్నీ ఉన్నా పొద్దున్న లేస్తే ‘ఇదంతా ఎందుకు’ అన్న ప్రశ్న ఒక్కటే ఉండేది. చర్చిలో పూజకు వెళ్లడం మానేశాను. దేవుడు చనిపోయాడని 1882లో జర్మన్ తత్వవేత్త నీషే రాసిన మాట చదివి, ఉన్న సంగతే చెప్పాడనుకున్నాను. మా విచారణ (మా ఊరి చర్చి పరిధి) ఫాదర్ నాతో వాదించలేదు. మధ్యయుగపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్ నిరీక్షణ, అంటే ఆశ, గురించి ఏమన్నాడో చెప్పారు: అందుకోవడం కష్టమే అయినా దేవుని సాయంతో అందే మేలు మీద మనసు నిలపడం, అది దేవుడిచ్చే గుణం, మూడ్ బాగున్నప్పుడు వచ్చిపోయేది కాదు అని. అప్పుడు సగమే అర్థమైంది.

ఇక జనం! మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు, వెనక నుంచి తోపులాట, యేసు సిలువ మోసిన ఘట్టాలను తలుచుకునే సిలువ మార్గం స్థలాల దగ్గర కూడా ఆగి ప్రార్థించుకోనివ్వరు, సెల్ఫీలు. ఎవరో కొట్టిన కొబ్బరిచిప్ప ముక్క నా కాల్లో దిగింది. కొవ్వొత్తులు కింద పడి నలిగిపోయాయి. పక్కకు జరిగి కూర్చుంటే, నిజం చెప్తున్నా, దిగిపోదామనిపించింది.

అక్కడ ఒక మామ్మ. తాగడానికి తెచ్చుకున్న నీళ్లతోనే నా కాలు కడిగి, జేబురుమాలు అడిగి గట్టిగా కట్టింది. మాటల్లో తెలిసింది, కొడుకు గల్ఫ్ వెళ్లి పంతొమ్మిదేళ్లు, కబురు లేదు. ఏటా వస్తుందట.

‘వస్తాడంటావా మామ్మా?’ అని అడిగేశాను, అడగకూడదు.

‘అది తల్లి చూసుకుంటుంది నాయనా. ఎక్కడం నా పని,’ అని తన రెండు కొవ్వొత్తుల్లో ఒకటి నా చేతిలో పెట్టింది. కబురు వస్తుందన్న ఆధారం ఏమీ లేకుండా పంతొమ్మిది సార్లు ఈ కొండ ఎక్కిన మనిషి పక్కన కూర్చుని, ఫాదర్ మాటలో మిగిలిన సగం నేను విన్నాను. లేచాం, నా భుజం పట్టుకుని ఆవిడ, ఆవిడ ఆసరాతో నేను.

గుహ దగ్గర జనం మమ్మల్ని విడదీశారు. ఫాదర్ అర్లాటి ప్రతిష్ఠించిన తల్లి, నీలి నడికట్టు, జోడించిన చేతులు, మూడు నాలుగు క్షణాలు చూశానేమో, ‘కదలండి కదలండి’ అని వాలంటీర్లు. నాకోసం అడగాలని దారంతా అనుకున్నది ఒక్కటీ నోటికి రాలేదు. ఆ కొవ్వొత్తి వెలిగించి, పేరు కూడా అడగని ఆ కొడుకు కోసం మరియమాతను వేడుకునే మంగళవార్త జపం ఒకటి చెప్పాను. దిగాక గంటసేపు మెట్ల దగ్గర వెతికాను, మామ్మ కనబడలేదు.

వచ్చే ఏడు కూడా వెళ్తాను. ఈసారి ఆ పేరు అడగాలి.