గనికూలీ పెట్టిన ఫ్యూనరల్ హోమ్

అమెరికాలో నల్లజాతివాళ్ల ఫ్యూనరల్ హోమ్‌ల గురించి, అంటే డబ్బు తీసుకుని అంత్యక్రియలు జరిపించే సంస్థల గురించి, చదువుతుంటే నన్ను బాగా కదిలించింది అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని ఏ.జి. గాస్టన్ కథ. 1892లో పుట్టాడు, గనిలో కూలి. తోటి కార్మికుడు పోతే, పాతిపెట్టడానికి డబ్బుల్లేక అతని భార్య అందరి దగ్గరా చందాలు అడుక్కోవడం కళ్లారా చూశాడు. అందుకే 1923లో, బతికుండగానే కొంచెం కొంచెం కట్టించుకుని ఆ ఖర్చు భరించే సంఘం మొదలుపెట్టాడు, ఆ తర్వాత మామగారితో కలిసి స్మిత్ అండ్ గాస్టన్ ఫ్యూనరల్ హోమ్ నడిపాడు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, ఆ వ్యాపారానికి వచ్చేవాళ్లందరూ నల్లవాళ్లే కాబట్టి తెల్లవాళ్లు ఉద్యోగం పీకేస్తారన్న భయం ఆయనకు లేదు. 1963లో నల్లవాళ్ల హక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జైల్లో ఉంటే బెయిల్ డబ్బు కట్టింది ఈయనే. ఉద్యమ నాయకులు దిగింది కూడా ఈయన మోటెల్‌లోనే, ఆ ఏడాది మే నెలలో దాని మీద బాంబు వేశారు. పిల్లల్ని ఉద్యమ ఊరేగింపుల్లోకి దించడం మాత్రం ఆయనకు నచ్చలేదు, మరీ మెతక మనిషని చాలామంది తిట్టారు. నాకైతే ఆ తిట్లు అన్యాయంగానే అనిపిస్తాయి. 1987లో, ఆ సంఘమే పెరిగి తయారైన తన ఇన్సూరెన్స్ కంపెనీని అసలు విలువలో చిన్న భాగానికే ఉద్యోగులకు అమ్మేశాడు.