ప్రత్యేక రాష్ట్రం అడిగితే 152: ముందస్తు బెయిలు దాకా

కర్నూలులో నేను వాదించిన కేసు. కుర్రాడి వీడియో రెండు నిమిషాలు: 'నీళ్లియ్యని సర్కారు మాకొద్దు, సీమకు ప్రత్యేక రాష్ట్రం కావాల, కలెక్టరేటు ముట్టడిద్దాం రాండి.' కొత్త శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 152 సెక్షన్ కింద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం 'ప్రభుత్వంపై ద్వేషం రగిలించి, వేర్పాటువాదాన్ని ప్రోత్సహించినాడు' అని ఉంది.

మాకు పట్టు దొరికింది ఆ వాక్యంలోనే. ప్రభుత్వంపై ద్వేషం అనేది పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 124ఏ మాట, మన కర్నూలు గాడిచర్ల హరిసర్వోత్తమరావును 1908లో 'స్వరాజ్య' పత్రిక రాతకు జైలుకు పంపిన రాజద్రోహం మాట. 2022 మేలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న 152లో నేరాన్ని చెప్పే వాక్యంలో ప్రభుత్వం అన్న పదమే లేదు. దేశం నుంచి విడిపోవడం, సాయుధ తిరుగుబాటు, విధ్వంసక చర్యలు, వీటిని కావాలని గానీ తెలిసి గానీ రెచ్చగొట్టి లేదా రెచ్చగొట్టబోయి ఉండాలి, లేదంటే వేర్పాటు భావాలను ప్రోత్సహించి గానీ దేశ సమైక్యతకు ముప్పు తెచ్చి గానీ ఉండాలి. శిక్ష యావజ్జీవం, లేదా ఏడేళ్ల దాకా, పైన జరిమానా.

రాష్ట్రం వేరడగడం దేశం నుంచి వేరుపడటం కాదు. కొత్త రాష్ట్రాలు చేసే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 1953 అక్టోబరు 1న ఇదే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది మద్రాసు నుంచి విడిపోయే కదా! పిటిషన్‌లో దీనికి రెండు లైన్లే రాసినాను. పెంచితే ఉపన్యాసమైపోతుంది.

చిక్కంతా వీడియో దగ్గరే. భయపడి డిలీట్ చేసినాడు. అది సాక్ష్యం చెరిపినట్టవుతుంది, ఎప్పుడూ చేయకూడదు. ఫిర్యాదుకు జతపరిచింది 'మాకొద్దు' దగ్గర కత్తిరించిన ముక్క. చివర్లో 'శాంతంగా కూర్చుందాం' అన్న మాట ఉన్న పూర్తి వీడియో స్నేహితుడి ఫోన్‌లో మిగిలింది. దాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఫైలు కుదించుకుపోయి హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) మారిపోతుంది, అందుకని కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి తీసినాం. కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) కింద డిజిటల్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్‌లో పార్ట్-A మీద ఫోన్ యజమాని, పార్ట్-B మీద నిపుణుడు సంతకం పెట్టాలి. రెండింట్లోనూ అదే హ్యాష్ ఉండాలి.

కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 482 కింద సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు పిటిషన్ వేసినాం. ప్రభుత్వం తరఫు పబ్లిక్ ప్రాసిక్యూటర్ 'ముట్టడి' మాటనే పట్టుకున్నారు. మా వైపు ముట్టడంటే గేటు ముందు బైఠాయించడమే అని చెప్పాల్సొచ్చింది. హింసకు రెచ్చగొట్టడం ఉండాలన్న 1962 కేదార్‌నాథ్ తీర్పు, ఒకట్రెండుసార్లు నినాదం అరిచినంత మాత్రాన నేరం కాదన్న 1995 బల్వంత్‌సింగ్ తీర్పు సరిపోయినాయి. షరతులతో బెయిలొచ్చింది.

ఛార్జిషీటు వేస్తే మొదట వెతికేది బీఎన్‌ఎస్‌ఎస్ 217 కింద ప్రభుత్వ అనుమతి ఉత్తర్వు. అది లేకుండా కోర్టు కేసును విచారణకు స్వీకరించకూడదు.