పెరటి హాప్ తీగ, పచ్చి పువ్వుల బీరు

పెరట్లో, బీరుకు చేదూ సువాసనా ఇచ్చే పువ్వులు పూసే హాప్ తీగ పెంచుతున్నానని తెలిసిన మిత్రులందరూ మొదట అడిగేది, దానివల్ల బీరు ఖర్చు ఏమైనా కలిసివస్తుందా అని. కలిసిరాదు. ఇంట్లో ఐదు గ్యాలన్ల బీరు కాచడానికి కావలసిన ఎండు హాప్స్ దుకాణంలో కొన్ని డాలర్లకే దొరుకుతాయి. ఆ మాత్రం సొమ్ము మిగుల్చుకోవడానికి ఇరవై అడుగుల తీగను పైకెక్కించి, వేసవి అంతా నీళ్లు పెట్టి, పేనుబంకతో పోరాడవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఇంత శ్రమకు తగిన కారణం నాకు ఒక్కటే కనిపిస్తుంది. కోసిన పువ్వును ఎండబెట్టకుండా ఆ పూటే మరుగుతున్న వర్ట్‌లో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నానబెట్టి తీసిన తీపి రసంలో) వేసి కాచే పచ్చి హాప్ బీరు, దుకాణపు సరుకుతో కుదరదు. పచ్చి పువ్వు బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే కాబట్టి, కోసి కుప్ప పోసిన కొన్ని గంటల్లోనే అది లోలోపల వేడెక్కి చెడిపోవడం మొదలుపెడుతుంది. అందుకే వ్యాపారానికి పండించే హాప్స్‌ను కోసిన వెంటనే బట్టీల్లో ఆరబెడతారు. తరువాత చాలావరకు పొడి చేసి గుళికలుగా ఒత్తి అమ్ముతారు. పచ్చి పువ్వు కావాలనుకుంటే తోట దగ్గర్లోనైనా కాపురం ఉండాలి, తీగ మన పెరట్లోనైనా ఉండాలి.

నేను ఉండే బీవర్టన్, ఆరెగన్ రాష్ట్రంలో విలామెట్ లోయ ఉత్తరపు కొసన ఉంది. ఈ లోయకు హాప్స్ కొత్త పంట కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ హాప్స్ పండించింది ఆరెగనే. ఇక్కడి ఇండిపెండెన్స్ అనే చిన్న ఊరు తనను ప్రపంచ హాప్ రాజధానిగా చెప్పుకునేది. బూజు తెగులు తోటలను దెబ్బతీసిన తరువాత ఆ పెద్దరికం పొడి వాతావరణం గల వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయకు తరలిపోయింది, ఈనాటి అమెరికా పంటలో సింహభాగం అక్కడిదే. అయినా కొత్త రకాల పరిశోధన మాత్రం ఇక్కడ ఆగలేదు. కార్వాలిస్‌లో ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసిన కేంద్ర వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు, ఇంగ్లండు రకమైన ఫగుల్ వంశం నుంచి సంకరం చేసి 1972లో విడుదల చేసిన క్యాస్కేడ్ రకం, అమెరికన్ బీరు రుచినే మార్చివేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బీరు కంపెనీ వారు 1975లో కాచిన లిబర్టీ ఏల్ అనే బీరులోనూ, చికో పట్టణంలోని సియెర్రా నెవాడా వారు 1980లో మొదలుపెట్టిన పేల్ ఏల్‌లోనూ తాగినవారిని ఆశ్చర్యపరచిన ఆ పంపరపనస తొక్క వాసన ఈ క్యాస్కేడ్‌దే.

మా పెరట్లో ఉన్నదీ అదే. కొత్తవారికి నేను సిఫారసు చేసేదీ అదే, ఎందుకంటే అది ప్రభుత్వ రకం కనుక ఎవరైనా పెంచుకోవచ్చు, పైగా బూజు తెగులును కొంతవరకు తట్టుకుంటుంది. ఇప్పుడు అందరి నోటా వినిపించే సిట్రా, మొజాయిక్ వంటి రకాల హక్కులు వాటిని రూపొందించిన సంస్థల చేతిలో ఉన్నాయి, వాటి మొక్కలను ఇంటి తోటలకు అమ్మరు. ఎక్కడైనా అమ్ముతామని ఎవరైనా ప్రకటిస్తే నేనైతే నమ్మను.

హాప్ మొక్కల్లో ఆడవి వేరు, మగవి వేరు. బీరుకు పనికివచ్చేవి ఆడ మొక్కకు కాసే పువ్వులు (కోన్‌లు) మాత్రమే. విత్తనం వేస్తే ఏది మొలుస్తుందో చెప్పలేం కాబట్టి, పసుపు కొమ్ములాగా మట్టిలో అడ్డంగా పాకే దుంపను తెచ్చి, చలి తగ్గిన మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండంగుళాల లోతున నాటుతారు. నీరు నిలవని నేల, రోజంతా ఎండ తగిలే చోటు దానికి కావాలి. మొదటి ఏడాది దాని ధ్యాస అంతా వేళ్ల మీదే ఉంటుంది. పువ్వులు పిడికెడు వస్తే అదృష్టం. మూడో ఏటికి గాని నిండు కాపు రాదు, అప్పటినుంచి ఒక్కో మొక్క దాదాపు అర కిలో ఎండు పువ్వును ఇవ్వగలదు.

ఈ తీగకు కాకర, బీర పాదుల్లాగా నులితీగలు ఉండవు. కాండం మీద ఉండే గట్టి కొక్కేల వంటి నూగుతో ఆధారాన్ని పట్టుకుని, మొత్తం కాండమే దాని చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టుకుంటూ పోతుంది. ఆ నూగు చేతికి రాసుకుంటే ఎర్రటి గీతలు పడి సాయంత్రం దాకా మండుతాయి, అందుకని ఎంత ఎండగా ఉన్నా పూర్తి చేతుల చొక్కా లేకుండా తీగ జోలికి పోకూడదు. జూన్ నెలలో అనుకూలమైన రోజుల్లో అది రోజుకు అడుగు దాకా పెరుగుతుంది. దానికి నున్నని ప్లాస్టిక్ తాడు పనికిరాదు. గరుకుగా ఉండే కొబ్బరి పీచు తాడు కట్టాలి. ఇక్కడి పెద్ద తోటల్లోనూ పద్దెనిమిది అడుగుల స్తంభాల నుంచి వేలాడేది శ్రీలంక వంటి దేశాల నుంచి దిగుమతి అయ్యే కొబ్బరి తాడే. కోనసీమలో పెరిగిన మా అమ్మకు ఈ సంగతి ఫోనులో చెబితే, తాడు గురించి సంతోషించింది గాని మిగతా వ్యవహారం ఆమెకు రుచించలేదు. "చేదు కోసమే అయితే కాకరపాదు పెట్టుకోకూడదట్రా, కూరకైనా పనికొచ్చేది" అంది. బీరు సంగతి నాన్నగారి దాకా ఇంకా వెళ్లలేదు.

వసంతంలో దుంప నుంచి పాతికకు పైగా పిలకలు ఒక్కసారిగా లేస్తాయి. అన్నింటినీ ఎక్కనిస్తే ఆకు తప్ప పువ్వు మిగలదు. మొదట లేచిన పిలకలను నేను మొదలంటా కత్తిరించి, తరువాత వచ్చినవాటిలో బలమైనవి తాడుకు రెండు మూడు చొప్పున మాత్రమే ఉంచుతాను. ఈ కత్తిరింపులో తెగులు నివారణ కూడా ఉంది, ఎందుకంటే బూజు తెగులు దుంపలోనే చలికాలం గడిపి మొదటి పిలకలతోనే పైకి వస్తుంది. పాలిపోయి, పొట్టిగా గిడసబారి, ఆకులు కిందికి ముడుచుకున్న పిలక కనిపిస్తే అది తెగులు సోకినదే, దాన్ని వెంటనే తీసేయాలి. తీగ తలకు మించి ఎదిగాక కింది మూడడుగుల ఆకులు దూసివేస్తే గాలి ఆడి తెగులు పైకి పాకదు. పేనుబంకకు మాత్రం నేను మందు కొట్టను. అక్షింతల పురుగులు కొంచెం ఆలస్యంగానైనా వచ్చి ఆ పని చూసుకుంటాయి. ఎండలు ముదిరాక ఆకు అడుగున ఎర్రనల్లి చేరితే గట్టిగా నీళ్లు చిమ్మడమే నా వైద్యం.

అసలు విద్య అంతా కోత సమయం తెలుసుకోవడంలో ఉంది. మా దగ్గర క్యాస్కేడ్ ఆగస్టు చివరకో సెప్టెంబరు మొదటికో సిద్ధమవుతుంది గాని క్యాలెండరును నమ్మి కోయకూడదు. ముదరని కోన్ తడిగా, మెత్తగా ఉండి, నొక్కితే నొక్కినట్టే ఉండిపోతుంది. ముదిరినది కాగితంలా తేలికై, వేళ్ల మధ్య నొక్కి వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది, చెవి దగ్గర పెట్టుకుని నలిపితే గలగలమంటుంది. నిలువునా చీల్చి చూస్తే రేకుల మొదళ్లలో పసుపు రంగు పొడి కనిపిస్తుంది. లుపులిన్ అనే ఆ పొడిలోనే చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, సువాసననిచ్చే తైలాలూ ఉంటాయి. నిమ్మపండు రంగులో ఉన్నంతకాలం ఇంకా ఆగాలి. ముదురు పసుపుకు తిరిగి, వేలికి జిగురుగా అంటుకుని, సబ్బుతో కడిగినా వాసన వదలకపోతే కోయవచ్చు. కంటిని నమ్మని వారికి తూకం ఉంది. నూరు గ్రాముల పచ్చి పువ్వును పూర్తిగా ఎండబెడితే ఇరవై నుంచి ఇరవైమూడు గ్రాములు మిగలాలి. అంతకు తక్కువ మిగిలితే పువ్వు ఇంకా లేతదే. దాటిపోతే మరో చిక్కు ఉంది, రేకులు గోధుమ రంగుకు మారి, వాసనలో ఉల్లిపాయ, వెల్లుల్లి ఛాయలు తోస్తాయి.

కోసే రోజునే బీరు కాచే రోజు కూడా కావాలి. ఉదయం నూరిన మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) అరవై ఆరు డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు నానబెట్టి, ఆ గంటలోనే ఇంటిల్లిపాదీ కూర్చుని పువ్వులు తుంచుతాము. వర్ట్ మరగడం మొదలవగానే వేసే చేదు హాప్స్ మాత్రం నేను కొని తెచ్చినవే వాడతాను. దానికి కారణం ఉంది. ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరిగి రూపం మారితేనే నీటిలో కరిగి చేదు వస్తుంది, ఆ చేదు ఎంత అన్నది ఆమ్లాల శాతాన్ని బట్టి ఉంటుంది. క్యాస్కేడ్‌లో అది నాలుగున్నర నుంచి ఏడు దాకా ఎంతైనా ఉండవచ్చు, ప్రయోగశాలకు పంపితే తప్ప ఇంట్లో తెలియదు. శాతం అచ్చువేసిన ప్యాకెట్టుతో చేదును లెక్కకట్టి, పెరటి పువ్వును చివరి పది నిమిషాల్లో సగం, మంట ఆర్పి వేడి ఎనభై డిగ్రీలకు దిగాక మిగతా సగం వేస్తే లెక్కా తప్పదు, ఎక్కువసేపు మరిగితే ఆవిరైపోయే తైలాలూ నిలుస్తాయి. ఎండు హాప్స్ అరవై గ్రాములు పడే చోట పచ్చివి మూడు వందల గ్రాములకు పైనే వేయాలి. అంత పువ్వు వర్ట్‌ను పీల్చేసుకుంటుంది గనుక పలుచని బట్ట సంచిలో వేసి, తీసేటప్పుడు పిండాలి, నీటి లెక్క కూడా ఒకటి రెండు లీటర్లు ఎక్కువ చూసుకోవాలి. అప్పుడే కోసిన గడ్డి, దోసకాయ, నారింజ తొక్క కలిసినట్టుండే ఆ వాసన ఎండు హాప్స్‌లో ఉండదు. అది నిలవ ఉండేది కాదు. సీసాలో పోసిన కొన్ని వారాల్లోనే తాగేయాలి.

మిగిలిన పువ్వును కిటికీ జాలీల మీద పలుచగా పరచి, కింద ఫ్యాను పెట్టి నీడలో ఆరబెడతాను. యంత్రంలో ఎండబెట్టేవారు అరవై డిగ్రీలు దాటనివ్వకూడదు. రేకులు త్వరగా ఎండి మోసం చేస్తాయి, నడిమి పుల్ల వంచితే విరగాలి గాని వంగకూడదు. గాలి తీసేసిన సంచిలో వేసి ఫ్రీజరులో పెట్టకపోతే నెలల్లోనే పాత జున్ను కంపు పట్టుకుంటుంది. కాచిన తరువాత పారేసే హాప్స్ పిప్పి కుక్కలకు అందకుండా చూడటం మరీ ముఖ్యం. అది తింటే వాటి ఒళ్లు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

హైదరాబాదులో ఉన్న మిత్రులు మేడ మీద కుండీలో పెంచుతామని దుంపలు అడుగుతుంటారు. మొక్క బతకవచ్చు, కాపు మాత్రం నిరాశపరుస్తుంది. బీవర్టన్‌లో జూన్ పగలు పదిహేనున్నర గంటలు దాటుతుంది, ఆ వెలుతురులోనే తీగ ఇరవై అడుగులు ఎక్కి, పగలు తగ్గడం మొదలయ్యాక పూతకు వస్తుంది. హైదరాబాదులో ఏడాదిలో అతి పెద్ద పగలే పదమూడుంబావు గంటలు, పైగా దుంప నిద్రపోవడానికి కావలసిన చలి లేదు, అందువల్ల తీగ ఎదగకముందే అరకొరగా పూస్తుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాత్రిపూట దీపాలు వెలిగించి పగటి నిడివి పెంచి పండిస్తున్నారు. భారతదేశంలో అయితే హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఈ పంట పండింది. అయినా అసలు అడ్డంకి వాతావరణం కాదు. అమెరికాలో 1978లో చేసిన చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏటా రెండు వందల గ్యాలన్ల దాకా బీరు కాచుకోవడానికి అనుమతించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజు నేరం. అక్కడివారికి నేను దుంపలు పంపనిది అందుకే. ఆరెగన్, వాషింగ్టన్లలో ఉన్న మనవాళ్లు ఎవరైనా అడిగితే మాత్రం మార్చిలో మొక్క చుట్టూ తవ్వి అదనపు దుంపలు తీసినప్పుడు తప్పక ఇస్తాను.