షూబీ-డూ, తందాన తాన

మా అమ్మాయి రెండేళ్ల పాటు ఇంట్లో ఒక్క తెలుగు పాట పాడలేదు. కారణం నేనే. దానికి పన్నెండేళ్లప్పుడు ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే "చందమామ రావే" పాడమన్నాను. స్కూల్ కోరస్‌లో నేర్చుకున్న పద్ధతిలో, చివరి మాటను సాగదీసి, కింది స్వరానికి జారుతూ పాడింది. "అలా కాదమ్మలూ, పాటను పాడుచేయకు" అన్నాను, అందరి ముందూ. అది తలూపి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆన్‌లైన్ సంగీతం క్లాసు కూడా మానేసింది.

మేం ఉండేది అమెరికాలోని కనెక్టికట్‌లో, న్యూ హేవెన్‌కి అరగంట దూరంలో. ఈ ఏడాది హైస్కూల్ కోరస్ వాళ్లు కచేరీకి ఒక పాత పాట తీసుకున్నారు, "ఇన్ ది స్టిల్ ఆఫ్ ది నైట్". 1956లో ఫైవ్ శాటిన్స్ అనే బృందం పాడింది. ఈ రకం పాటల్ని డూవాప్ అంటారు. ఒకరు ముందుండి పాడుతుంటే మిగతావాళ్లు వెనక నుంచి అర్థం లేని మాటలతో శ్రుతీ తాళం రెండూ నిలబెడతారు. మా అమ్మాయిది వెనక వరస. మూడు వారాల పాటు గిన్నెలు సర్దుతున్నా, బట్టలు మడత పెడుతున్నా నోట్లో ఒకటే మాట, "షూ-డూ, షూబీ-డూ".

మొదట్లో అది విని నాకు బాధేసింది. సరిగమలు వదిలేసిన పిల్ల ఇలా పాడుతోందేమిటి అనిపించింది. ఒకరాత్రి చపాతీ పిండి కలుపుతూ వింటుంటే ఉన్నట్టుండి మా ఊరు గుర్తొచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ చెప్పించేవారు. కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతుంటే రెండు పక్కలా వంతలు గుమ్మెట కొడుతూ "తందాన తాన" అనేవాళ్లు. ఆ మాటకు మాత్రం అర్థం ఏముంది? అది లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే చోటే ఉండదు. పిండి చేతులతోనే నిలబడి నాకు వచ్చిన రెండు ముక్కలు పాడి చూపించాను. అది కళ్లింత చేసుకుని, "అమ్మా, వాళ్లు కూడా బ్యాకప్ సింగర్సే కదా!" అంది. చాలా రోజుల తర్వాత అది నన్ను పాట గురించి అడిగిన మొదటి మాట.

ఆ వారం ఇద్దరం కూర్చుని ఆ పాట చరిత్ర వెతికాం. తవ్వేకొద్దీ అది మా ఇంటి పక్కదే అని తేలింది. రాసింది ఫ్రెడ్ పారిస్, న్యూ హేవెన్ కుర్రాడు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. సైన్యంలో ఉండి ఫిలడెల్ఫియాలో పనిచేస్తున్నాడు. ఊళ్లో ఉన్న ప్రియురాలిని చూసి వెనక్కి వెళ్లాక, రాత్రి కాపలా డ్యూటీలో నిలబడి ఆ పాట కట్టాడు. రికార్డు చేసింది స్టూడియోలో కాదు, సెయింట్ బెర్నడెట్ చర్చి నేలమాళిగలో. మధ్యలో శాక్సఫోన్ వాయించిన విన్నీ మజెట్టా ఆ చర్చికి వెళ్లే మనిషే, చోటు ఇప్పించింది కూడా అతనే. రికార్డు మీద ముఖ్యమైన పాట ఇది కాదు, వేరొకటి. దీన్ని రెండో వైపు వేశారు. వేరే కంపెనీ తీసుకుని విడుదల చేశాక జనం ఈ వైపే తిప్పి విన్నారు. నల్లజాతి సంగీతానికి వేరేగా ఉన్న ఆర్ అండ్ బీ జాబితాలో మూడో స్థానానికి, పాప్ జాబితాలో 24కి చేరింది. అదే పేరుతో కోల్ పోర్టర్ అనే రచయిత పాట 1937 నుంచీ ఉంది కాబట్టి దీని పేరులో "నైట్"ను ఎన్-ఐ-టి-ఈ అని కూడా రాస్తారు.

నన్ను పట్టేసిన సంగతి వేరే. పాట రేడియోల్లో మోగుతున్నప్పుడు పారిస్ ఇక్కడ లేడు. సైన్యం అతన్ని జపాన్ పంపింది. అతని బృందం ఇంకొకరిని ముందు పెట్టుకుని పాడాల్సి వచ్చింది. సొంత ఊళ్లోని ప్రియురాలి కోసం రాసుకున్న పాట ఊళ్లో ఉంది, మనిషి సముద్రం అవతల ఉన్నాడు. అది చదివి నేను కాసేపు మాట్లాడలేదు. అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఓకేనా అమ్మా?" అని అడిగింది.

తర్వాతి ఆదివారం ఆ చర్చి చూడ్డానికి వెళ్లాం. మోరిస్ కోవ్ అని, సముద్రం ఒడ్డున ఉన్న పేట. నేలమాళిగలోకి వెళ్లలేదు, బయట గాలికి జాకెట్లు పట్టుకుని నిలబడ్డాం. మన తెలుగువాళ్లం ఉగాది చేసుకునేది కూడా ఒక చర్చి కింది హాల్లోనే. ఇనుప కుర్చీలు, తక్కువ ఎత్తు సీలింగ్, మాట అంటే గోడలు తిరిగి అనే చోటు. ఆ రికార్డులో గొంతులు దూరం నుంచి వచ్చినట్టు ఎందుకు ఉంటాయో అక్కడ నిలబడితే నాకు తెలిసినట్టే అనిపించింది.

వచ్చేటప్పుడు కారులో అమ్మాయి ఆ పాటను ఎవరెవరు ఎలా పాడారో వరసగా పెట్టింది. బీచ్ బాయ్స్ 1976లో పాడారు. 1987లో "డర్టీ డ్యాన్సింగ్" సినిమాలో అసలు రికార్డునే వాడుకున్నారు. మా ఇద్దరికీ నచ్చింది మాత్రం బాయ్జ్ టు మెన్ వాళ్లది. 1992లో మైకేల్ జాక్సన్ కుటుంబం మీద తీసిన టీవీ సిరీస్ కోసం పాడారు. శాక్సఫోన్ లేదు, అంతా గొంతులే. పాత పాట పాప్ జాబితాలో 24 దగ్గర ఆగితే ఇది మూడుకు వెళ్లింది. వాళ్లది ఫిలడెల్ఫియా. ఆ కుర్రాడు కాపలా కాస్తూ పాట కట్టిన ఊరికే ముప్పై ఆరేళ్ల తర్వాత పాట తిరిగి చేరింది.

"మరి వీళ్లు పాటను పాడుచేసినట్టా అమ్మా?" అని అడిగింది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

రెండేళ్లనాటి నా మాట దానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కారు పక్కకు ఆపాను. "నేను అప్పుడు అనకూడని మాట అన్నాను తల్లీ. నువ్వు పాడింది బాగుంది. నాకు తెలిసినట్టు లేదని భయమేసింది, అంతే" అని చెప్పాను. అది ఏమీ అనలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

కచేరీకి ముందు రోజు మా అమ్మ వీడియో కాల్ చేసింది. అమ్మాయి తనంతట తానే "చందమామ రావే" ఎత్తుకుంది, అదే సాగదీత, అదే జారుడు. "కొండెక్కి రావే గోగుపూలు తేవే" దగ్గరికి రాగానే మా అత్తగారు పక్క గదిలోంచి "కోటి పూలు తేవే" అని అందుకున్నారు. వాళ్ల వైపు అలాగే పాడతారట. అన్నమయ్య కీర్తనలో అయితే పువ్వులు కాదు, పైడికోరలో, అంటే బంగారు గిన్నెలో, వెన్నపాలు తెమ్మంటారని నేను చెప్పాను.

"ఇంతకీ ఒరిజినల్ ఏది అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల.

"మా అమ్మ పాడింది. నువ్వు ఆపకు, మళ్లీ మొదట్నుంచి అందుకో. ఆ కిందికి దిగావు చూడు, అక్కడ నెమ్మదిగా" అంది మా అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. ఆ రెండోసారి నేను వెనక నుంచి "తందాన తాన" అన్నాను. దాని తమ్ముడు టేబుల్ మీద తాళం వేశాడు.